కంప్యూటర్ దిద్దే పరీక్షకు ఇన్ని వారాలెందుకు?

ప్రశ్న: వృత్తి లైసెన్సు కోసం పరీక్ష రాసి ఏడు వారాలైంది. మొత్తం కంప్యూటర్ మీదే. 150 బిట్లు, చివర రెండు కేసులకు పెద్ద సమాధానాలు టైప్ చేయాలి. సబ్మిట్ నొక్కిన మరుక్షణం బిట్ల మార్కులు కంప్యూటర్‌కి తెలిసిపోతాయి కదా, మరి ఇన్నాళ్లు ఏం చేస్తున్నారు? అదే రోజు వేరే సెంటర్లో రాసిన నా ఫ్రెండ్‌కి పోయిన వారం ఫలితం వచ్చేసింది. నాది ఇంకా ‘ప్రాసెసింగ్’ అనే చూపిస్తోంది. ఆలస్యమైతే ఫెయిలైనట్టే అంటున్నారు, నిజమేనా? తర్వాతి పరీక్షకు ఫీజు గడువు పది రోజుల్లో ముగుస్తుంది. కట్టమంటారా? ఒకవేళ ఫెయిలైతే రీకౌంటింగ్ వల్ల ఉపయోగం ఉంటుందా?

సమాధానం: ముందు మీ భయం సంగతి చూద్దాం. ఫలితం ఆలస్యం కావడానికీ పాసు, ఫెయిలుకీ సంబంధం లేదు. రాత సమాధానాలున్న కొన్ని పరీక్షల్లో పాసు గీతకు అటూ ఇటూ ఉన్నవాళ్ల పేపర్లను రెండోసారి చదివిస్తారు, నిజమే. కానీ అలాంటి చోట్ల ఆ పని పూర్తయ్యాకే అందరి ఫలితాలూ కలిపి ఇస్తారు కాబట్టి బయటివాళ్లకు తేడా తెలియదు. ‘ప్రాసెసింగ్’ అన్న మాటలో మీ మార్కుల గురించి ఏ కబురూ లేదు.

మీరు అనుకున్నది సగం నిజం. 150 బిట్లు దిద్దడానికి కంప్యూటర్‌కి సెకను కూడా పట్టదు. అయితే ఆ సెకనులో వచ్చేది ఫలితం కాదు, పచ్చి మార్కు మాత్రమే. ఆ మార్కు నమ్మదగినదేనా అని తేల్చడానికే వారాలు పడతాయి. కాలేజీ పరీక్షలో ఒక తప్పు ప్రశ్న పడితే ఓ మార్కు కలిపి ఊరుకుంటారు. ఇక్కడ గీతకు పైనున్నవాడు రేపటి నుంచి జనం ప్రాణాలతోనో, ఆస్తులతోనో పని చేస్తాడు, కిందున్నవాడు ఇంకో ఏడాది ఆగుతాడు. ఎవరైనా కోర్టుకెళ్తే ప్రతి ప్రశ్నకూ, ప్రతి మార్కుకూ లెక్క చూపించాలి.

మొదటి పని ‘కీ’ని పరీక్షించడం. అభ్యర్థుల సమాధానాలు సరైనవో కాదో చూడ్డానికి ముందు, కమిటీ ఇచ్చిన కీ సరైనదో కాదో చూస్తారు. దీనికి సాక్ష్యం అభ్యర్థుల సమాధానాల్లోనే దొరుకుతుంది. ఒక ఉదాహరణ తీసుకుందాం. వెయ్యిమంది రాశారు. మొత్తం మార్కుల వరుసలో పైనుంచి 270 మందినీ, కింది నుంచి 270 మందినీ విడదీస్తారు. ఈ 27 శాతం అంకెను 1939లో ట్రూమన్ కెల్లీ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త లెక్కగట్టి చెప్పాడు, ఇప్పటికీ వాడుతున్నారు. 38వ ప్రశ్నకు కీలో ఉన్న జవాబు ‘బి’ అనుకోండి. పై గుంపులో 54 మందే ‘బి’ పెట్టారు, 189 మంది ‘సి’ పెట్టారు. కింది గుంపులో 108 మంది ‘బి’ పెట్టారు. 54లోంచి 108 తీసేసి 270తో భాగిస్తే మైనస్ 0.2 వస్తుంది. బాగా చదివినవాళ్లు తప్పుతున్నారు, చదవనివాళ్లు ఒప్పవుతున్నారు అని దీనర్థం. మంచి ప్రశ్నకు ఈ అంకె ప్లస్‌లో, కనీసం 0.2 పైన ఉండాలని చూస్తారు. మైనస్ వచ్చిందంటే కీ తప్పైనా అయ్యుండాలి, ప్రశ్న రాశాక నిబంధనైనా మారి ఉండాలి, రెండు జవాబులకూ న్యాయం ఉండేలా ప్రశ్నైనా రాసి ఉండాలి.

ఏది కారణమో కంప్యూటర్ చెప్పదు. వేలెత్తి చూపడం వరకే దాని పని. అలాగే వందలో 95 మందికి పైగా ఒప్పు పెట్టినవీ, 30 మంది కూడా పెట్టలేనివీ పక్కకు వస్తాయి. అలా ఓ పదీ పదిహేను ప్రశ్నలు పోగైతే వాటిని ఆ వృత్తిలోని నిపుణుల ముందు పెడతారు. వాళ్లు కీ మార్చొచ్చు, రెండు జవాబులకూ మార్కు ఇవ్వొచ్చు, ప్రశ్ననే లెక్కలోంచి తీసేయొచ్చు, లేదా ప్రశ్న కష్టమైనదే గానీ సరైనదే అని ఉంచేయొచ్చు. అభ్యర్థులు పరీక్ష ముగిశాక ఇచ్చిన అభ్యంతరాలు కూడా ఈ బల్ల మీదికే వస్తాయి. నిపుణులంటే ఉద్యోగాలున్నవాళ్లు. అందరికీ కుదిరే రెండు రోజులు దొరకడానికే ఒక్కోసారి రెండు వారాలు పడుతుంది. ఒక్క కీ మారితే మొత్తం లెక్క మళ్లీ మొదటి నుంచి నడపాలి. వెయ్యిమంది రాసిన పరీక్షలో పాసు గీత దగ్గర ఒక్కో మార్కు మీద పదీ ఇరవై మంది ఉండటం మామూలే కాబట్టి ఒక ప్రశ్న అంటే పదీ ఇరవై మంది జాతకం.

కొన్ని బిట్లకు అసలు మార్కులే ఉండవన్న సంగతి చాలామందికి తెలియదు. రాబోయే పరీక్షల కోసం కొత్త ప్రశ్నలను మధ్యలో కలిపి, జనం ఎలా రాస్తారో చూస్తారు. అమెరికాలో లాయర్లు రాసే బార్ పరీక్షలోని బహుళైచ్ఛిక భాగంలో 200 ప్రశ్నలుంటే 175కే మార్కులు, 25 ప్రయోగానికి. నర్సులు రాసే ఎన్‌క్లెక్స్‌లో 15 ఇలాంటివే. ఏవి ప్రయోగానివో చెప్పరు. బయటికొచ్చాక ‘ఆ ముప్పై అసలు సిలబస్‌లోనే లేవు’ అని కుమిలిపోయేవాళ్లు ఈ మాట గుర్తుపెట్టుకుంటే కాస్త నిద్ర పడుతుంది.

తర్వాత గీత ఎక్కడ గీయాలన్నది. వందకు యాభై, అరవై అని ముందే రాసిపెట్టిన పరీక్షలున్నాయి గానీ లైసెన్సు పరీక్షల్లో చాలావాటికి అది కుదరదు, ఎందుకంటే అరవై శాతం అన్నది తేలిక పేపర్లో ఒకలా, కష్టమైన పేపర్లో ఇంకోలా ఉంటుంది. ఎక్కువ చోట్ల వాడేది ఆంగాఫ్ పద్ధతి. 1971లో విలియం ఆంగాఫ్ అనే అమెరికా పరీక్షల నిపుణుడు ఒక వ్యాసంలో అడుగున నోటుగా రాసిన ఆలోచన ఇది. అది తనది కాదు, తన సహోద్యోగి లెడ్యార్డ్ టక్కర్‌దని ఆయనే చెప్పాడు, అయినా పేరు ఆంగాఫ్‌కే మిగిలింది. పద్ధతి ఇలా ఉంటుంది. పది, పన్నెండు మంది నిపుణుల్ని కూర్చోబెట్టి, ‘లైసెన్సు ఇవ్వడానికి సరిగ్గా సరిపోయే మనిషిని ఊహించుకోండి. గొప్పవాడు కాదు, ప్రమాదకారీ కాదు. అలాంటివాళ్లు వందమంది ఉంటే ఈ ప్రశ్నకు ఎంతమంది సరైన జవాబు పెడతారు?’ అని అడుగుతారు. ఒకరు 70 అంటారు, ఒకరు 45 అంటారు. తేడా ఎక్కువైనచోట వాదించుకుంటారు, అసలు అభ్యర్థులు ఎలా రాశారో చూపిస్తారు, మళ్లీ అడుగుతారు. ఒక్కో ప్రశ్న సగటును వందతో భాగించి అన్నీ కలిపితే, 150 ప్రశ్నలకు 98 అలా ఒక అంకె వస్తుంది. 150 ప్రశ్నలకు ఇది రెండు మూడు రోజుల పని. నిపుణులు కొత్తవాళ్ల విషయంలో తరచూ ఎక్కువే ఆశిస్తారు, మొదటి విడత అంకెలు పైకి ఉండొచ్చు, అందుకే రెండో విడత.

ఈ తంతు ప్రతిసారీ జరగదు. సిలబస్ గానీ పరీక్ష నమూనా గానీ మారినప్పుడు జరుగుతుంది. అందుకే కొత్త నమూనాలో మొదటి విడత రాసినవాళ్లకు ఫలితాలు బాగా ఆలస్యమవుతాయి. తగినంతమంది రాసేదాకా ఆగి, ఆ తర్వాత గీత నిర్ణయించి, అప్పుడు విడుదల చేస్తారు. అమెరికాలో అకౌంటెంట్ల సీపీఏ పరీక్ష 2024లో కొత్త రూపానికి మారినప్పుడు ఆ ఏడాది రాసినవాళ్లు మునుపటికంటే ఎక్కువ కాలం ఎదురుచూడాల్సి వచ్చింది ఇందుకే. మీరు రాసిన పరీక్ష ఈ మధ్యే మారిందేమో నోటిఫికేషన్ చూడండి. మారితే మీ ఏడు వారాలకు సగం జవాబు అక్కడే దొరుకుతుంది.

నమూనా మారని ఏడాదుల్లో గీతను పాత పేపర్ నుంచి కొత్త పేపర్‌కి మోసుకొస్తారు. పత్రికల్లో నార్మలైజేషన్ అని చదివే ఉంటారు. ఇది దానికి చుట్టమే గానీ అదే కాదు. నార్మలైజేషన్‌లో రెండు షిఫ్టుల జనం సమానమే అనుకుని మార్కులను సర్దుతారు. ఇక్కడ అలా అనుకోకుండా, పాత పేపర్లోని కొన్ని ప్రశ్నలను కొత్త పేపర్లోనూ పెట్టి కొలుస్తారు. మొత్తంలో కనీసం ఐదో వంతు ఇలాంటి లంగరు ప్రశ్నలుండాలన్నది వాడుకలో ఉన్న లెక్క. 150లో 30 అనుకుందాం. పోయినసారి జనం ఆ 30లో సగటున 21 తెచ్చుకున్నారు, ఈసారి జనం కూడా 21 తెచ్చుకున్నారు. అంటే రెండు గుంపులూ సమానమే. కానీ మొత్తం పేపర్లో పోయినసారి సగటు 104, ఈసారి 100. జనం మారలేదు కాబట్టి పేపరే నాలుగు మార్కులు కష్టమైంది. పోయినసారి గీత 98 అయితే ఈసారి 94. అసలు లెక్క ఇంత సాఫీగా ఉండదు, కష్టం స్థాయిని బట్టి ఒక్కోచోట ఒక్కోలా సర్దాలి, కానీ కిటుకు ఇదే. మార్కుల షీట్లో ‘స్కేల్డ్ స్కోరు’ అని కనిపించేది ఇలా సర్దిన తర్వాతి అంకె. దాన్ని శాతంగా చదవకండి.

ఇందులో చిక్కంతా లంగరు ప్రశ్నలు బయటికి పొక్కినప్పుడు వస్తుంది. ఆ 30లో కష్టమైన ఆరు ప్రశ్నలు ఏదో వాట్సాప్ గ్రూపులో తిరిగాయనుకోండి. లంగరు సగటు 21 నుంచి 24కి పెరుగుతుంది. లెక్క ప్రకారం ఈ గుంపు చాలా తెలివైనదని తేలుతుంది. అంత తెలివైనవాళ్లకు కూడా మొత్తం మార్కులు అంతగా పెరగలేదంటే పేపర్ చాలా కష్టమైందని లెక్క చెబుతుంది. గీత కిందికి జారుతుంది, పాస్ కాకూడనివాళ్లు పాసవుతారు. అందుకని ప్రతి లంగరు ప్రశ్ననూ విడిగా చూసి, పోయినసారికీ ఈసారికీ విపరీతంగా తేలికైపోయినదాన్ని పీకేసి, మిగతావాటితో లెక్క మళ్లీ చేస్తారు. ఇద్దరు వేర్వేరుగా, ఒకరిది ఒకరు చూడకుండా లెక్క చేసి రెండూ సరిపోతేనే ముందుకెళ్లడం మంచి సంస్థల్లో ఉన్న పద్ధతి. పరీక్ష హాల్లోకి వెళ్లేముందు ‘ప్రశ్నలు బయట చర్చించను’ అని సంతకం పెట్టించుకునేది కూడా ఇందుకే. ఫలితం ఎదురుచూసే రోజుల్లో జ్ఞాపకమున్న ప్రశ్నలు గ్రూపుల్లో పోస్టు చేసి ఫలితమే రద్దు చేయించుకున్నవాళ్లుంటారు. మీరా పని చేయకండి.

ఇంకో సంగతి, ఈ లెక్కలకు జనం కావాలి. సరళమైన లెక్క పద్ధతులకైతే వంద, రెండొందల మంది చాలు. సాధారణ పద్ధతులకు కొన్ని వందలమంది ఉంటే గానీ అంకె నిలకడగా ఉండదు. ఏడాదికి నూటయాభై మంది రాసే చిన్న వృత్తిలో విండో, అంటే ఆ విడత పరీక్ష జరిగే రోజులు, మొత్తం ముగిసేదాకా ఆగక తప్పదు. మొదటి రోజు రాసినవాడు చివరి రోజు రాసేవాడికోసం ఎదురుచూస్తాడు.

మీ పరీక్షలో అసలు సమయం తిన్నది మాత్రం ఆ రెండు కేసులే అయ్యుండాలి. లెక్క వేసి చూడండి. 3,000 మంది రాశారనుకుంటే 6,000 సమాధానాలు. ఒక్కోదాన్ని ఇద్దరు చదివితే 12,000 చదువులు. ఒక్కోదానికి ఆరు నిమిషాలు వేసినా 1,200 గంటలు. నలభై మంది దిద్దితే మనిషికి 30 గంటలు. వీళ్లు పొద్దున్నంతా తమ ప్రాక్టీసు చేసుకుని, శనాదివారాల్లో రెండు రోజులూ కలిపి ఎనిమిది గంటలు కేటాయించగలరు. అంటే దాదాపు నాలుగు వారాలు. దీనికి ముందు ఒక వారం దిద్దేవాళ్లందర్నీ ఒక దారికి తేవడానికి పోతుంది. ముందే మార్కులు ఖరారు చేసిన నమూనా సమాధానాలు కొన్ని ఇచ్చి దిద్దమంటారు. చేయి బిగించి వేసేవాళ్లనీ, ధారాళంగా వేసేవాళ్లనీ అప్పుడు పట్టుకుంటారు. వాల్యుయేషన్ జరుగుతుండగా కూడా మధ్యమధ్యలో ఇలాంటి సమాధానాలను చెప్పకుండా కలుపుతారు. అలసిపోయి దారి తప్పుతున్నవాళ్లు దొరికిపోతే వాళ్లు ఆ రోజు దిద్దినవన్నీ మళ్లీ వేరేవాళ్లకు వెళ్తాయి. ఇద్దరి మార్కుల మధ్య తేడా హద్దు దాటితే మూడో మనిషి చదవాలి. ఇదంతా కలిపితే ఆరు వారాలు అలవోకగా దాటుతుంది. కాలిఫోర్నియాలో జులైలో బార్ పరీక్ష రాసినవాళ్లకు నవంబరులో ఫలితాలొస్తాయి. అక్కడ వ్యాసాలు దిద్దడమే పెద్ద పని.

దీనికి ఎదురుగా, అమెరికాలో ఇంజనీర్లు మొదట రాసే ఎఫ్‌ఈ పరీక్ష ఫలితం 7 నుంచి 10 రోజుల్లో వచ్చేస్తుంది. అందులో రాత సమాధానాలు లేవు, ఏడాది పొడవునా జరుగుతుంది, ప్రతి ప్రశ్న కష్టం ఎంతో ముందే కొలిచిపెట్టి ఉంటుంది. పరీక్షకు ముందే లెక్క పూర్తైతే తర్వాత ఆగాల్సిన పని తక్కువ. ఇంజనీర్లు ఆ తర్వాత లైసెన్సు కోసం రాసే పీఈ పరీక్షను కాగితం మీద ఏడాదికి రెండుసార్లు పెట్టిన రోజుల్లో 8 నుంచి 10 వారాలు పట్టేది. డాక్టర్ల యూఎస్‌ఎంఎల్‌ఈ ఫలితాలు మామూలుగా నాలుగు వారాల్లోపు వస్తాయి, ప్రశ్నల బ్యాంకులో పెద్ద మార్పులు చేసిన రోజుల్లో ఇంకా ఆలస్యమని వాళ్లే ముందుగా చెబుతారు.

ఇప్పుడు మీ ఫ్రెండ్ సంగతి. ఒకే రోజు రాసినా ఇద్దరికీ వేర్వేరు సెట్లు పడి ఉండొచ్చు, మీ సెట్టు కొత్తదై లెక్క ఇంకా తేలకపోవచ్చు. లైసెన్సు ఇచ్చే బోర్డులు వేరైతే ఫలితం వెళ్లే దారే వేరు. ఎన్‌క్లెక్స్‌లో రెండు పనిదినాలు దాటాక డబ్బు కట్టి అనధికార ఫలితం చూసుకునే వీలు కొన్ని బోర్డుల పరిధిలో ఉంటుంది, కొన్నిట్లో ఉండదు. అధికారిక ఫలితానికి ఆరు వారాల దాకా పట్టొచ్చు. మీ సెంటర్లో ఆ రోజు కరెంటు పోయిందా, కంప్యూటర్ మధ్యలో ఆగి మళ్లీ మొదలైందా, ఎవరితోనైనా ఇన్విజిలేటర్‌కి గొడవైందా? అలాంటిది జరిగితే ఇన్విజిలేటర్ రాసిన నివేదిక చూసి, సమయాల రికార్డు తెరిచి, ఆ సెంటర్ మొత్తాన్ని కొన్నాళ్లు పక్కన పెడతారు. మీ తప్పు ఏమీ లేకపోయినా మీదీ ఆగుతుంది.

ఇవన్నీ కాకుండా అతి మామూలు కారణం ఒకటుంది. పరీక్ష పెట్టే సంస్థ వేరు, సెంటర్ నడిపే కంపెనీ వేరు, లైసెన్సు ఇచ్చే బోర్డు వేరు. మూడు చోట్లా మీ పేరు అక్షరం పొల్లుపోకుండా ఒకేలా ఉండాలి. మనవాళ్ల ఇంటిపేరు దరఖాస్తులో చివర, గుర్తింపు కార్డులో మొదట, హాల్ టికెట్లో పొడి అక్షరంగా ఉండటం కొత్త కాదు. కంప్యూటర్ రెండు రికార్డులనూ కలపలేక ఒక పక్కన పడేస్తుంది, మనిషి చూసేదాకా అది అక్కడే ఉంటుంది. ఈ ఒక్కటీ మీ చేతిలో ఉన్న విషయం కాబట్టి ఈరోజే మూడూ పక్కపక్కన పెట్టి సరిచూసుకోండి.

అన్నీ నాణ్యత కోసమే అని సంస్థల తరఫున వకాల్తా పుచ్చుకోవడం లేదు. లెక్కలన్నీ పూర్తైన ఫలితాలు బోర్డు సమావేశం నెలకోసారే జరుగుతుందన్న కారణంతో మూడు వారాలు ఫైల్లో పడుకోవడం నాణ్యత కాదు, అలవాటు. తేదీ ముందే ప్రకటించని సంస్థకు కూడా సాకు లేదు. తమ పని ఎన్ని రోజులు పడుతుందో ఇన్నేళ్లుగా చేస్తున్నవాళ్లకు తెలియక కాదు. ఆలస్యం తప్పకపోతే ‘ఫలానా వారం లోపు’ అని చెప్పడానికి ఏ లెక్కా అడ్డురాదు.

ఇక మీరు చేయాల్సింది. అభ్యర్థుల కరదీపికలో ఫలితాల గడువు ఎక్కడినుంచి మొదలవుతుందో చూడండి. చాలామంది ఇక్కడే పొరబడతారు. ‘ఎనిమిది వారాలు’ అని ఉంటే అది మీరు రాసిన రోజు నుంచి కాకుండా పరీక్ష విండో ముగిసిన రోజు నుంచి కావొచ్చు, పనిదినాల్లో లెక్కించేది కావొచ్చు. ఆ లెక్కన మీకింకా గడువు దాటి ఉండకపోవచ్చు. గడువు దాటకముందు రాసిన మెయిల్‌కి వచ్చేది తయారుగా ఉంచిన జవాబే. స్పామ్ ఫోల్డర్ వెతకండి, పోర్టల్లో పెండింగ్ ఫీజు, అప్‌లోడ్ కాని సర్టిఫికెట్ ఏమైనా ఉందేమో చూడండి. ఫలితం సిద్ధంగా ఉన్నా కాగితం ఒకటి తక్కువైందని ఆపేసే బోర్డులున్నాయి.

గడువు దాటితే మెయిల్ రాయండి, ఫోన్ కాదు. పరీక్ష సెంటర్‌కి రాసి ప్రయోజనం లేదు, వాళ్లకు మీ మార్కులు కనిపించవు. బోర్డుకు గానీ పరీక్ష సంస్థకు గానీ రాయాలి. సబ్జెక్టు లైన్లోనే అభ్యర్థి నంబరు పెట్టండి. లోపల పరీక్ష పేరు, తేదీ, సెంటర్ కోడ్, ఆ తర్వాత ఒకే ఒక్క ప్రశ్న: ‘ప్రకటించిన గడువు ఫలానా తేదీతో ముగిసింది. నా ఫలితం అందరితో పాటు పరిశీలనలో ఉందా, లేక నా రికార్డు విడిగా ఆపారా? ఆపితే నా వైపు నుంచి ఏ పత్రం కావాలి?’ ఈ ప్రశ్నకు గుమాస్తా ఫైలు తెరిచి చూడకుండా జవాబివ్వలేడు. మీ కష్టాలన్నీ రెండు పేజీలు రాస్తే ‘త్వరలో’ అన్న ఒక్క మాట తిరిగొస్తుంది.

తర్వాతి పరీక్ష ఫీజు గురించి. కట్టేముందు వెనక్కిచ్చే నిబంధన చదవండి. ముందటి పరీక్షలో పాసైతే ఫీజు తిరిగిస్తామనో, తర్వాతి విడతకు మారుస్తామనో ఉంటే కట్టేయండి. ఆ వెసులుబాటు లేకపోతే ఆలస్య రుసుముతో గడువు ఎంతవరకుందో చూడండి. చాలా సంస్థలు ఫలితాల తర్వాత కూడా కొద్ది రోజులు అవకాశం ఇస్తాయి, ఆ రుసుము మొత్తం ఫీజు పోగొట్టుకోవడం కంటే చౌక. అది కూడా లేకపోతే ఒక్క అటెంప్ట్ పోతే మీకు ఎన్నాళ్ల నష్టమో చూసుకుని నిర్ణయించుకోండి. ఆరు నెలలైతే కట్టడమే మేలు. ఒక్కటి మాత్రం వద్దు. ‘మళ్లీ రిజిస్టర్ చేయబోతే సిస్టమ్ ఒప్పుకోకపోతే పాసైనట్టు’ అనే చిట్కా తిరుగుతుంటుంది. దానికి అధికారిక ఆధారం లేదు, సిస్టమ్ ఒప్పుకుంటే కార్డులోంచి డబ్బు పోతుంది.

ఈలోగా పని దొరికితే చేయండి గానీ లైసెన్సు ఉన్నవాళ్లు వాడే హోదా పేరు ముందూ వెనకా తగిలించుకోకండి. పాసైన రోజు కూడా కాదు, లైసెన్సు నంబరు చేతికొచ్చాకే. పరీక్ష పాసవ్వడానికీ లైసెన్సు రావడానికీ మధ్య ప్రవర్తన విచారణ, అనుభవ ధ్రువీకరణ లాంటివి ఇంకా ఉండొచ్చు. యజమానికి ‘ఫలితం ఫలానా వారం’ అని కాకుండా, ‘లైసెన్సు నంబరు రావడానికి ఇంకో నెల పట్టొచ్చు’ అని చెప్పి ఉంచండి. ఏ అంశాల్లో తడబడ్డారో ఇప్పుడే కాగితం మీద రాసుకోండి. ప్రశ్నలు కాదు, అంశాల పేర్లు. ఫెయిలైతే వచ్చే నివేదికలో అంశాలవారీగా మీ స్థాయి చూపిస్తారు గానీ ఒక్కో అంశానికి ఎనిమిదో పదో ప్రశ్నలుంటాయి. రెండు ప్రశ్నలు అటూఇటూ అయితే ‘బలహీనం’ కాస్తా ‘సగటు’ అయిపోతుంది. దాన్నొక్కదాన్నే నమ్మి పుస్తకాలు సర్దుకోకూడదు.

రీకౌంటింగ్ విషయానికొస్తే, బిట్ల భాగానికి దాదాపు ఉపయోగం లేదు. పైన చెప్పిన తనిఖీలన్నీ అయ్యాక అదే ఫైలును మళ్లీ అదే కీతో పోలుస్తారు, అంకె మారడం చాలా అరుదు. రాత సమాధానాల్లో కాస్త ఆశ ఉండొచ్చు, కానీ ముందు రెండు సంగతులు తెలుసుకోండి. మీ సంస్థ ఇచ్చేది మార్కులు మళ్లీ కూడటమా, సమాధానం మళ్లీ చదవడమా? రెండింటికీ పేర్లు దగ్గరగా ఉంటాయి, ఫీజులు కూడా. మళ్లీ కూడితే కూడికలో తప్పు మాత్రమే బయటపడుతుంది. మళ్లీ చదివే వీలుంటే, గీతకు మీరెంత దూరంలో ఉన్నారో చూసుకోండి. ఇద్దరు దిద్దిన పేపర్లో ఒకటి రెండు మార్కుల దూరమైతే అడగొచ్చు, పది మార్కుల దూరమైతే ఆ డబ్బు తర్వాతి ఫీజుకు దాచుకోండి. గీత దగ్గరి పేపర్లను ఫలితాలకు ముందే రెండోసారి చదివించే సంస్థలు చాలావరకు మళ్లీ చదవమంటే ఒప్పుకోవు, ఆ మాట కరదీపికలోనే రాసి ఉంటుంది. దరఖాస్తు గడువు సాధారణంగా ఫలితం పోర్టల్లో కనిపించిన రోజు నుంచి మొదలవుతుంది, మీరు మెయిల్ తెరిచిన రోజు నుంచి కాదు.